గోడ మీద నీడ: ఈషమ్ దారిలో ఒక హారర్‌కోర్ ట్రాక్, పని లాగ్

లక్ష్యం: 3 నిమిషాల తెలుగు హారర్‌కోర్ (భయం పుట్టించే కథలు చెప్పే ర్యాప్) ట్రాక్. ఇంట్లో ఉన్న సరంజామాతోనే. నమూనా డెట్రాయిట్ ర్యాపర్ ఈషమ్ తొలి అయిదారేళ్ల పని. ఇప్పటికి బీట్ అయింది, గొంతు అయింది, క్యాసెట్‌కు ఎక్కించడం రెండోసారి నడుస్తోంది.

ఈషమ్‌నే ఎందుకు ఎంచుకోవాలి? హారర్‌కోర్ అనగానే చాలామందికి గ్రేవ్‌డిగ్గాజ్, ఫ్లాట్‌లైనర్జ్ అనే ర్యాప్ బృందాలు గుర్తొస్తాయి. ఆ మాట జనంలోకి వెళ్లింది 1994లో వాళ్ల ఆల్బమ్‌లతోనే. కానీ ఈషమ్ తొలి ఆల్బమ్ ‘బూమిన్ వర్డ్స్ ఫ్రమ్ హెల్’ 1989లోనే వచ్చింది. అప్పటికతను టీనేజీ కుర్రాడు. అన్న జేమ్స్ స్మిత్‌తో కలిసి పెట్టుకున్న రీల్ లైఫ్ ప్రొడక్షన్స్ అనే సొంత లేబుల్ మీద విడుదల చేశాడు. తన సంగీతాన్ని అతను ‘యాసిడ్ ర్యాప్’ అన్నాడు. క్రాక్ మత్తుమందు ఊళ్లను తినేస్తున్న కాలం అది. అతని పాటల్లోని దయ్యాలు ఆ వీధుల్లోంచి వచ్చినవే, సినిమాల్లోంచి దిగుమతి అయినవి కావు. ఈ తేడా పట్టుకోకపోతే ట్రాక్ మొత్తం రబ్బరు ముసుగులా తయారవుతుంది.

1992లో ‘జడ్జ్‌మెంట్ డే’ రెండు భాగాలుగా వచ్చింది: ఒకటి పగలు, ఒకటి రాత్రి. అదే ఏడు మాస్టమైండ్, టీఎన్‌టీలతో కలిసి నటాస్ అనే బృందంగానూ ఆల్బమ్ తెచ్చాడు. డెట్రాయిట్ ర్యాప్ బృందం ఇన్సేన్ క్లౌన్ పాసీ తొలి ఆల్బమ్‌లో అతిథిగా పాడింది కూడా 1992లోనే. ఆ తర్వాత 1994లో ‘క్లోజ్డ్ క్యాస్కెట్’, 1996లో ‘డెడ్ ఫ్లవర్జ్’. 1999లో ఎమినెమ్ తన పాటలో ఈషమ్ పేరు తలచాడు. 2003 నాటి ‘రిపెంటెన్స్’ ఇన్సేన్ క్లౌన్ పాసీ వాళ్ల సైకోపతిక్ రికార్డ్స్ మీద వచ్చింది. అంటే అతని వెనక నడిచినవాళ్ల గూటికే అతను చేరాడు.

సౌండ్ విషయానికొస్తే, పని మొదలుపెట్టే ముందు తొలి ఆల్బమ్‌లను హెడ్‌ఫోన్లలో ఒక్కో పొరా విడదీసి వినాలి. డ్రమ్, ఒక చిన్న లూప్ (తిరిగి తిరిగి మోగే ముక్క), గొంతు. చాలాచోట్ల నాలుగో పొర ఉండదు. ఫంక్, రాక్ రికార్డుల ముక్కలు ర్యాప్ కిందికి తేవడం డెట్రాయిట్‌లో సహజమే. ఫంక్ బృందం ఫంకడెలిక్ తొలి రికార్డులు ఆ ఊరి వెస్ట్‌బౌండ్ లేబుల్ మీదే వచ్చాయి. భయం పుట్టేది ఆ నాలుగో పొర లేని ఖాళీలోంచే. అందుకే ఈ ట్రాక్‌కు పెట్టుకున్న హద్దు: 4 పొరలు, అంతకు మించి ఒక్కటీ వద్దు.

లూప్

వేగం 88 బీపీఎం (నిమిషానికి 88 బీట్లు). ఒక బార్, అంటే నాలుగు బీట్లు, 2.73 సెకన్లు. ఎవరి రికార్డునూ కోయకుండా లూప్‌కు హార్మోనియం వాడాం. స్వరాలు నాలుగే: స, శుద్ధ రిషభం, మళ్లీ స, ప్రతి మధ్యమం. షడ్జమానికి ఆనుకుని ఉండే శుద్ధ రిషభమే ఇక్కడ ప్రాణం. తోడి, శుభపంతువరాళి విని పెరిగిన చెయ్యి మాత్రం వద్దన్నా గమకం వేస్తుంది. వేసిందంటే పాట కచేరీకి వెళ్లిపోతుంది. స్వరాన్ని కర్రలా నిటారుగా పట్టి వదలాలి.

పాత సాంప్లర్ల (రికార్డుల ముక్కలు పట్టి వాయించే యంత్రాల) మోటుదనం కోసం ఆ కాలపు కిటుకే వాడాం. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 సాంప్లర్‌లో మొత్తం సాంప్లింగ్ సమయం దాదాపు 10 సెకన్లు, 12 బిట్లు, 26.04 కిలోహెర్ట్జ్. చోటు చాలక జనం 33 ఆర్‌పీఎం రికార్డును 45లో తిప్పి ఎక్కించి, లోపల కిందికి దించేవారు. 45కీ 33⅓కీ నిష్పత్తి 1.35. దాన్నే ఇక్కడ లెక్కపెట్టి చేస్తే ఇలా:

మెట్రోనోమ్ 118.8 దగ్గర పెట్టి హార్మోనియాన్ని 6 శ్రుతిలో (పాశ్చాత్య ‘ఏ’) వాయించి రికార్డ్ చేయాలి. ఆ ఫైల్‌ను ముందు 12 బిట్లు, 26 కిలోహెర్ట్జ్‌కు దించాలి. ఆ తర్వాతే రీపర్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ప్లే రేట్ 0.741 చేయాలి. వేగం మారినా పిచ్ నిలపమనే టిక్ తీసేయడం తప్పనిసరి. ఇప్పుడు అది 88 బీపీఎంలో, సుమారు 3 శ్రుతిలో (పాశ్చాత్య ‘ఈ’) పలుకుతుంది.

ఈ వరుస తారుమారైతే గరుకుదనం పోతుంది. బిట్లు ముందు దించితే ఆ గరుకూ స్వరంతోపాటు కిందికి దిగి వినిపించే చోట కూర్చుంటుంది. వెనక దించితే పైన ఇసుక రాలినట్టు చప్పుడొకటి మిగులుతుంది, అంతే. మొదటి ప్రయత్నంలో మొత్తం మిక్స్ మీద బిట్ క్రషర్ (బిట్లు తగ్గించే ఎఫెక్ట్) వేయడం ఇంకా పెద్ద తప్పు. గొంతులో స, శ అక్షరాలు చిట్లిపోయాయి.

808, గంట

1.35 నిష్పత్తి అంటే 5.2 అరస్వరాలు (సెమిటోన్లు). కాబట్టి హార్మోనియం కచ్చితమైన 3 శ్రుతి కన్నా 20 సెంట్లు (అరస్వరంలో ఐదో వంతు) కిందుంటుంది. 808 డ్రమ్ యంత్రపు కిక్‌ను (లోతైన డ్రమ్ దెబ్బను) మామూలు శ్రుతిలో, అంటే 41.2 హెర్ట్జ్‌లో పెడితే కింద భాగం రెండేసి సెకన్లకోసారి ఉబ్బి తగ్గుతూ ఉంటుంది. కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గులను అదుపు చేసే సాధనం) తప్పనుకుని దాని వెంట పడితే రోజంతా పోతుంది. కిక్‌ను 20 సెంట్లు దించి 40.7 హెర్ట్జ్ చేయగానే నేల గట్టిపడింది.

ఫోన్ స్పీకర్‌లో 40 హెర్ట్జ్ వినపడదు. ఈక్వలైజర్‌లో ఎంత పెంచినా లాభం లేదు, స్పీకర్ బుర్రుమంటుంది. మెల్లగా శాచురేషన్ (శబ్దాన్ని కొంచెం చిట్లించే ఎఫెక్ట్) వేస్తే 81, 122 హెర్ట్జ్‌ల దగ్గర హార్మోనిక్స్, అంటే కింది స్వరానికి రెండింతలు, మూడింతల స్వరాలు పుడతాయి. చెవి వాటినిబట్టి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది.

గంట శబ్దాన్ని మాత్రం కావాలనే దించలేదు. 659 హెర్ట్జ్ గంటకూ, 20 సెంట్లు దిగిన హార్మోనియానికీ మధ్య సెకనుకు 7, 8 సార్లు వణుకు వస్తుంది. ఈ ట్రాక్‌లో అందరికన్నా బాగా పనిచేసింది అదే. 8 బార్లకోసారి ఒక్క దెబ్బ చాలు. 4 బార్లకోసారి వేస్తే గుడి గంటైపోతుంది.

మాట

చాలా తెలుగు ర్యాప్ ప్రయత్నాలు నీరుగారేది ఇక్కడే. చూశాను, వెళ్లాను, వాడు, వీడు అంటూ ప్రత్యయాలతో అంత్యప్రాస కుదిరిపోతుంది. అది ప్రాస కాదు, వ్యాకరణం. మనకు రెండో అక్షరం ప్రాస చేతిలో ఉండగా దాన్ని వదలడం అన్యాయం. పల్లవి ఇది:

గోడ మీద నీడ, నీడ కింద గోడు
మేడ మీద ఏడు మెట్లు, వాడు లేడు

పాదానికి ఆరు గలాలు. ప్రతి మాటా గురువు, లఘువు, అంటే మూడు మాత్రలు. బీట్‌కు రెండు గలాలు చొప్పున మూడు బీట్లలో పాదం అయిపోతుంది, నాలుగో బీట్ ఖాళీ. ఈ త్రిశ్ర నడక మెంఫిస్ ర్యాపర్ల నుంచి నేర్చుకోవాలి. త్రీ 6 మాఫియా బృందంలో లార్డ్ ఇన్ఫమస్ ఈ మూడేసి అక్షరాల పరుగుకు పెట్టింది పేరు; వాళ్ల ‘మిస్టిక్ స్టైలెజ్’ 1995లో వచ్చింది. రగడలు చదివినవాళ్లకు ఈ నడక కొత్తేమీ కాదు.

మొదట రాసుకున్నది ‘ఏడో మెట్టు’. కాగితం మీద అదే బాగుంది. పాడేటప్పుడు ప్రతిసారీ నాలుగో బీట్‌లోకి జారింది. కారణం ‘డో’: దీర్ఘం కావడంతో ఒక మాత్ర ఎక్కువ. ‘ఏడు మెట్లు’ అనగానే ఖాళీ తిరిగొచ్చింది. ఆ ఖాళీలో గంట పడాలి, లేదా ఏమీ పడకూడదు.

చరణాల్లో ‘నేను’ అనేవాడు ఒక పాత్ర. ఈ శైలి చెడిపోయేది నరుకుడు, రక్తం లెక్కపెట్టడం మొదలెట్టినప్పుడు, ముఖ్యంగా ఆడవాళ్ల మీద హింసను చప్పట్ల కోసం వాడుకున్నప్పుడు. ఈషమ్ పాత పాటల్లోనూ అలాంటి చోట్లున్నాయి. అక్కడ ఇవాళ వింటే భయం వేయదు, అసహ్యం వేస్తుంది. 16 బార్లలో దెబ్బ ఒక్కటే ఉండాలి, అదీ 13వ బార్ తర్వాత.

గొంతు

బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి, వాటి మీద రెండు బొంతలు వేసి, ఆ మధ్యలో మైక్. డైనమిక్ మైక్ చాలు. నోటికి 6 నుంచి 8 సెంటీమీటర్ల దూరం, కొంచెం పక్కకు తిప్పి. భ, ధ, ఫ లాంటి ఒత్తులు మైక్‌ను ఊదేస్తాయి. ‘భయం’ అనే మాట నేరుగా పాడి చూస్తే తెలుస్తుంది.

ట్రాక్ వేగాన్ని 93.2 బీపీఎంకు పెంచి పాడి, తర్వాత 0.944 రేటుతో 88కి దించాం. గొంతు ఒక అరస్వరం దిగి బరువెక్కింది. రెండు అరస్వరాలు దాటితే కార్టూన్ రాక్షసుడే. డబుల్ టేక్ (అదే మాట మళ్లీ పాడి కలపడం) పాదం చివరి రెండు మాటలకే. పాదమంతా వేస్తే హల్లులు రెండేసిసార్లు కొట్టుకుంటాయి.

క్యాసెట్

నాలుగు ట్రాకుల పోర్టాస్టూడియో (క్యాసెట్ మీద రికార్డ్ చేసే యంత్రం), టైప్ 2 సీ-60 క్యాసెట్. వేగం సెకనుకు 3¾ అంగుళాలు. మామూలు క్యాసెట్ వేగానికి ఇది రెట్టింపు కాబట్టి 30 నిమిషాల వైపు 15 నిమిషాలే నడుస్తుంది. నాలుగు ట్రాకులూ టేపు వెడల్పంతా వాడుకుంటాయి, రెండో వైపు ఇక వాడకూడదు. సీ-90 టేపు పల్చన, సీ-120 అసలే వద్దు.

మొదటిసారి ఒక్కో ట్రాకూ విడిగా ఎక్కించడం వల్ల ట్రాక్ చివర గొంతు, డ్రమ్ విడిపోయాయి. మోటారు వేగంలో 0.1 శాతం తేడా ఉన్నా 3 నిమిషాలకు 0.18 సెకన్లు, అంటే బీట్‌లో పావు వంతు పైనే. ఇప్పుడు కంప్యూటర్ ఆడియో ఇంటర్‌ఫేస్ నాలుగు అవుట్‌పుట్ల నుంచి ఒకేసారి ఎక్కించి, ఒకేసారి వెనక్కి తీసుకుంటున్నాం.

808 అంచున ఉండే 1వ ట్రాక్‌లో, దాని పక్కన హార్మోనియం, 3లో గొంతు, 4లో డబుల్, గంట కలిపి. 808 పక్క ట్రాక్‌లోకి కొంచెం కారుతుంది. హార్మోనియం దాన్ని కప్పేస్తుంది, గొంతు కప్పలేదు. మీటర్ డ్రమ్‌కు +3 వరకు, గొంతుకు 0 దాటకుండా. ఎక్కించే ముందు హెడ్‌లను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. రబ్బరు రోలర్‌కు తడి గుడ్డ చాలు.

మిగిలింది: రెండో చరణం 9వ బార్‌లో ఒక లఘువు తక్కువ, దాన్ని సరిచేయాలి. హార్మోనియం మీద 7 కిలోహెర్ట్జ్ పైన కోత పెట్టి ఇంకోసారి వినాలి. ఆ తర్వాత 20 క్యాసెట్ కాపీలు.