చెత్త ఆటో వెళ్ళిపోయాక

మా కాలనీలో మూడు వీధులు కలిసే చోట ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని ఇనుప కంచె పక్కన చెత్త వేయడం ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు గానీ, ఇవాళ ముక్కుకు చెయ్యో కొంగో అడ్డం పెట్టుకోకుండా ఆ మలుపు దాటేవారు లేరు. తెల్లవారకముందే పారిశుద్ధ్య కార్మికులు వచ్చి ఊడ్చి ఎత్తుకుపోతారు. ఎనిమిది దాటేసరికి మళ్ళీ మొదటి కవరు పడుతుంది. మధ్యాహ్నానికి కుక్కలు ఆ కవర్లను చింపి నడిరోడ్డు దాకా ఈడుస్తాయి. సాయంత్రం బడి బస్సు దిగిన పిల్లలు ఆ తడిలో కాలు పెట్టలేక రోడ్డు మధ్యకు జరిగి నడుస్తారు, అదీ వెనక నుంచి బండ్లు వస్తూ ఉండగానే. కంపు, దోమలు, ఈగలు అన్నీ ఒక ఎత్తు, పిల్లలు అలా నడవవలసి రావడం నాకు ఒక ఎత్తు.

హైదరాబాదులో ఏ బస్తీలో, ఏ కాలనీలో ఉన్నవారికైనా ఇలాంటి మూల ఒకటి తెలిసే ఉంటుంది. సంక్షేమ సంఘం సమావేశంలో దీని ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు “మన జనానికి బుద్ధి లేదండీ” అంటారు, మిగిలినవారు తల ఊపుతారు, చర్చ అక్కడితో ఆగిపోతుంది. ఆ మాటను నేను ఒప్పుకోలేను. మెట్రో స్టేషనులో తిన్న చాక్లెట్ కాగితాన్ని జేబులో పెట్టుకునే మనిషే ఇంటి దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కవరు విసిరి వెళుతున్నాడు. చేతిలో చెత్త ఉన్న ఆ క్షణాన దాన్ని ఎక్కడ పెట్టాలో అతడికి ఒక దారి ఉందా లేదా అన్నది ముందు తేల్చుకుంటే, బుద్ధి సంగతి తరువాత మాట్లాడుకోవచ్చు.

ఒక ఆదివారం ఆ కుప్ప దగ్గర కాసేపు నిలబడి అందులో ఏమేమి ఉన్నాయో పరిశీలనగా చూశాను. కర్రీ పాయింటు నుంచి తెచ్చుకున్న సాంబారు కవర్లు, వాటి మూతికి బిగించిన దారాలు, ఉండ చుట్టి పడేసిన డైపర్లు, కొబ్బరి బోండాలు, పూజ చేసి తీసిన బంతిపూలు, క్షౌరశాల నుంచి వచ్చిన జుట్టు మూట, కోళ్ళ దుకాణపు ఈకల సంచి, కొత్త టీవీ పెట్టెలోని థర్మోకోల్, దూది బయటకు వచ్చిన పాత పరుపు, వీటన్నిటి కింద పగిలిన టైల్స్ ముక్కలు కనిపించాయి. ఇళ్ళ నుంచి వచ్చినది ఇందులో ఒక భాగం మాత్రమే. ఈకలు పడేసేవాడి కారణం ఒకటి, పరుపు పడేసేవాడి కారణం మరొకటి. అందరికీ కలిపి ఒకే హెచ్చరిక బోర్డు పెడితే అది ఎవరినీ ఆపలేదు.

పాతవారికి గుర్తుండే ఉంటుంది, అదే చోట ఒకప్పుడు పెద్ద ఇనుప డబ్బా ఉండేది. 2015లో స్వచ్ఛ హైదరాబాద్ పేరిట ఇంటింటికీ తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం రంగు బుట్టలు పంచి, గడప గడపకూ తిరిగి సేకరించడానికి స్వచ్ఛ ఆటోలను దింపారు. ఆ తరువాత కొన్నేళ్ళకు, డబ్బాలు ఉన్నంత కాలం జనం చెత్తను ఆటోకు ఇవ్వరన్న ఆలోచనతో వీధుల్లోని డబ్బాలను తీసేస్తూ వచ్చారు. ఆ ఆలోచనలో తప్పు లేదు, ఎందుకంటే ఆ డబ్బాలు నిండి పొర్లడం, వాటి చుట్టూ పందులు, పశువులు చేరడం మేమంతా కళ్ళారా చూసినదే. అయితే డబ్బా తీసినంత మాత్రాన ఆ చోటికి చెత్త తెచ్చే అవసరం తీరలేదు. మున్సిపల్ సిబ్బంది ఇలాంటి చోట్లను జీవీపీలు అంటారు, అంటే గార్బేజ్ వల్నరబుల్ పాయింట్లు, జనం చెత్త పడేసే అలవాటున్న చోట్లు.

ఇక ఆటో సంగతి. దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మా మూలలోని కుప్పకు అసలు కారణం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆటో తోలే మనిషి జీతం తీసుకునే ఉద్యోగి అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ ఆటోలను ఓనర్ కమ్ డ్రైవర్ పద్ధతిలో, అంటే తోలే మనిషే యజమాని అయ్యేలా, బ్యాంకు రుణం మీద ఇచ్చారు. నెలనెలా ఇంటింటి నుంచి వసూలు చేసే రుసుము, చెత్తలోంచి ఏరిన అట్టలు, సీసాలు, ప్లాస్టిక్ అమ్మితే వచ్చే నాలుగు డబ్బులు, ఇవే వారికి ఆధారం. డీజిలు, టైర్లు, మరమ్మతులు అన్నీ అందులోంచే వెళ్ళాలి. మా వీధికి వచ్చే ఆటోను భర్త తోలుతుంటే, భార్య వెనక చెత్త మధ్యలో నిలబడి, చేతికి తొడుగు కూడా లేకుండా తడీ పొడీ వేరు చేస్తూ ఉంటుంది. మేము రెండు బుట్టల్లో వేరు చేసి ఇస్తే ఆమెకు ఆ పని తప్పుతుంది. ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పుకోవలసినది.

రుసుము ఇవ్వని ఇంటి చెత్త ఆటోవాళ్ళు తీసుకోరు. వారి వైపు నుంచి చూస్తే అది న్యాయమే. కానీ తీసుకోని ఆ చెత్త ఎక్కడికి పోతుంది? మా వీధిలో నాలుగైదు అంతస్తుల భవనాలు చాలానే లేచాయి. అందులో యజమానులు ఉండరు, అద్దెకున్నవారు ఏడాదికొకసారి మారుతుంటారు, వచ్చినవారికి ఆటో వేళ చెప్పేవారు ఉండరు. ఈ విషయం ఆటో తోలే అతణ్ణి అడిగితే, “సార్, గా బిల్డింగుల సగం మంది పైసలియ్యరు, అడిగితే ఓనర్‌ను అడుగుమంటరు, ఓనరేమో కిరాయికున్నోళ్ళనే అడుగుమంటడు, ఇగ నేనెవల్నడగాలె” అన్నాడు. ఇద్దరి మధ్య ఎటూ తేలని ఆ కొద్దిపాటి నెల రుసుమే చివరికి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కుప్ప అయి కూర్చుంటోంది.

రుసుము కట్టినవారికి కూడా వేళ కుదరదు. ఆటో ఏడున్నరకో తొమ్మిదికో వస్తుంది, ఒక్కోరోజు రానే రాదు. రాత్రంతా హైటెక్ సిటీలో పనిచేసి వచ్చినవారు ఆ వేళ నిద్రలో ఉంటారు. ఆసుపత్రుల్లో, హోటళ్ళలో పనిచేసేవారు అప్పటికే బస్సెక్కి ఉంటారు. ఒకటిన్నర గదుల ఇంట్లో చేప ముక్కలు కడిగిన చెత్తను ఎండాకాలంలో రెండు రోజులు పెట్టుకోమని ఎవరికైనా ఎలా చెప్పగలం? అందుకే పొద్దున్నే ఆ కవరును స్కూటరు ముందు కొక్కేనికి తగిలించుకుని, మలుపు దగ్గర వేగం తగ్గించి, అటూ ఇటూ చూసి విసిరేసి వెళ్ళిపోతారు. అటూ ఇటూ చూస్తున్నారంటే చేస్తున్నది తప్పని వారికి తెలుసు. అలా విసిరేవారిని నేను సమర్థించడం లేదు. వీధిలో, ఖాళీ స్థలంలో, కాలువలో చెత్త పడేయకూడదని, కాల్చకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు స్పష్టంగా చెప్పాయి, జరిమానా వేస్తే తప్పు పట్టలేం. కాకపోతే సాయంత్రం ఏడు తరువాత ఒక్క గంట ఆటో తిరిగితే, జరిమానా వేయవలసిన మనుషుల సంఖ్య చాలా తగ్గుతుందని నా నమ్మకం.

2016 నాటి ఆ నియమాల్లో మరో సంగతి కూడా చెప్పారు, చాలామందికి తెలియదు. అనుమతి పొందిన వేదిక కాని చోట వంద మందికి మించి జనం చేరే కార్యక్రమం పెట్టుకునేవారు కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని, అక్కడి చెత్తను వేరు చేసి అప్పగించే బాధ్యత కూడా వారిదేనని వాటిలో రాశారు. మా వీధిలో షామియానా వేసి భోజనాలు పెట్టినవారిలో ఇలా ముందుగా తెలియజేసినవారు ఉన్నట్టు నేను వినలేదు. మర్నాడు ఆకుల్లాంటి కాగితపు పళ్ళాలు, ప్లాస్టిక్ గ్లాసులు గాలికి వీధంతా దొర్లుతాయి. ఆ ప్లాస్టిక్ గ్లాసుల మీద 2022 జులై 1 నుంచే దేశమంతటా నిషేధం ఉంది.

పగిలిన టైల్స్, ఇటుక ముక్కల కథ వేరు. పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టే చోట, శిథిలాలను రాత్రిపూట ట్రాక్టరులో తెచ్చి ఖాళీ ప్లాటులోనో చెరువు గట్టునో దించి పోతారు. వాటిని పిండి చేసి ఇసుకగా, కంకరగా మార్చే కేంద్రాలు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి. రవాణా ఖర్చుకు వెనకాడి మేస్త్రీ ట్రాక్టరువాడికి అప్పగిస్తాడు, ట్రాక్టరువాడు చీకటిని చూసుకుంటాడు. ఇల్లు కట్టించుకునే యజమాని “అది మేస్త్రీ చూసుకుంటాడు” అని ఊరుకోకుండా, అది ఎక్కడికి చేరిందో రసీదు అడగాలి.

వాన పడితే ఇదంతా నీళ్ళు పోయే నాలాలోకి కొట్టుకుపోతుంది. 2020 అక్టోబరు వరదల్లో నీళ్ళు ఇళ్ళలోకి రావడానికి నాలాల, చెరువుల ఆక్రమణలు పెద్ద కారణం. అయితే మిగిలిన ఆ కాస్త నాలాకూ పరుపులు, థర్మోకోలు అడ్డం పడితే నీరు ఎటు పోవాలి?

ఎత్తుకుపోయిన చెత్త కూడా మాయమైపోదు. నగరం రోజూ పోగేసే వేల టన్నుల్లో చాలా భాగం శివార్లలోని జవహర్‌నగర్‌లో ఉన్న మూడు వందల ఎకరాలకు పైబడిన చెత్త యార్డుకు చేరుతుంది. అక్కడ పాత గుట్టను కప్పేశారు, 2020లో చెత్తను మండించి నడిపే 19.8 మెగావాట్ల విద్యుత్ కేంద్రం కూడా మొదలైంది. అయినా గాలి అటు నుంచి తిరిగిన రాత్రి దమ్మాయిగూడ, కాప్రా వైపు ఉండేవారు కిటికీలు మూసుకుంటారు, మల్కారం చెరువులోకి చెత్త నుంచి కారిన మురుగు చేరింది. మా వీధిలో కలిపి ఇచ్చిన తడీ పొడీ చెత్త, ఆ ఊళ్ళవాళ్ళ గాలిలో, నీళ్ళలో తేలుతోందన్నమాట. వేరు చేస్తే ఏమవుతుందో చూడాలంటే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్ళాలి. అక్కడ రోజూ మిగిలే దాదాపు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో 500 యూనిట్ల వరకు విద్యుత్తు తీస్తున్నారు.

మా మూల గురించి మేము ఫిర్యాదు చేయకపోలేదు. చేసిన ప్రతిసారీ ఎవరో వచ్చి కుప్ప ఎత్తి, శుభ్రం చేసిన ఫొటో పెట్టి, సమస్య పరిష్కారమైందని ముగించారు. ఒకసారి సున్నం చల్లి, పెద్ద ముగ్గు వేసి, చెత్త వేస్తే జరిమానా అని ఫ్లెక్సీ కట్టి, ఒక మనిషిని కాపలా ఉంచారు. ఆ మనిషి ఉన్నన్నాళ్ళూ అక్కడ ఒక్క కవరూ పడలేదు. అతణ్ణి మరో చోటికి పంపగానే మళ్ళీ మొదలైంది. ఆ ముగ్గు వేసినావిడే రోజూ అక్కడ ఊడుస్తుంది. గాజు పెంకు కోసుకుని వేలికి గుడ్డ చుట్టుకుని ఉంటే, “అమ్మా, ఆసుపత్రికి వెళ్ళావా” అని అడిగాను. “ఏడికి పోవాలె సారూ, ఈడ పొద్దుగాల ఎత్తితే పొద్దుమీకే వరకు మళ్ళ గంతే అయితది” అంది. పగిలిన సీసాను కాగితంలో చుట్టి విడిగా ఇవ్వడానికి నిమిషం పట్టదు, ఆమె వేలు మానడానికి ఎన్ని రోజులు పడుతుంది?

మొన్నటి సమావేశంలో ఈ విషయాలన్నీ ముందు పెట్టాను. సాయంత్రం పూట వారానికి మూడు రోజులైనా ఆటో తిప్పాలని, కోళ్ళ దుకాణం, క్షౌరశాల చెత్తను నేరుగా వారి గడప దగ్గరే తీసుకోవాలని కోరుతూ వినతిపత్రం రాశాం. ఆటో రుసుమును అద్దెతో పాటే తీసుకుని భవన యజమానే నేరుగా చెల్లించాలన్నది రెండో తీర్మానం. దీనికి కొందరు యజమానులు అక్కడికక్కడే ఒప్పుకున్నారు, కొందరు ఆలోచించి చెబుతామన్నారు, రెండు పెద్ద భవనాలవారు రానే లేదు. వారు ఉండేది నగరానికి అవతలి వైపు కాబట్టి, ఈ ఆదివారం సంఘం కార్యదర్శి గారూ నేనూ కలిసి వారి ఇళ్ళకే వెళుతున్నాం. ఆ రెండు భవనాల చెత్త ఆటోలోకి చేరితే కుప్పలో పడే ఇంటి చెత్త చాలావరకు తగ్గుతుందని, మిగతాదాని సంగతి దుకాణాలతో మాట్లాడి తేల్చవచ్చని మా అంచనా.