పెరట్లో కాకిబంగారం

కొబ్బరి మొక్క నాటుదామని సైదాపురంలో మా ఇంటి పెరట్లో గుంత తవ్వుతున్నా. మోకాటి లోతుకు వెళ్ళేసరికి గడ్డపార ఠంగుమంది. తెల్లటి పలుగురాయి. పెకలించి తీస్తే దానికి అంటుకుని అరచేతంత బిళ్ళ. కడిగి గోటితో లాగాను. ఉల్లిపొరలా ఒక రేకు, దాని కింద ఇంకో రేకు, ఇంకోటి... ఎండకు ఎత్తి చూస్తే లేత ఆకుపచ్చ! మన నెల్లూరు మైకాకు పేరు తెచ్చిన రంగు అదే.

అమ్మ చూసి "కాకిబంగారం అబ్బయ్యా, మా చిన్నప్పుడు గనుల దగ్గర కుప్పలుగా ఉండేది" అంది. పాత ఇస్త్రీపెట్టెల్లో కాయిల్ చుట్టే రేకు ఇదే. వేడిని తట్టుకుంటుంది, కరెంటును పోనివ్వదు.

నేను మాత్రం ఆ రెండు రాళ్ళనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. పలుగురాయి గాజును గీస్తుంది. మైకా మీద గోరు గీసినా గీత పడుతుంది. ఇంత గట్టిదీ ఇంత మెత్తదీ ఒకే కరిగిన రాతిలోంచి, మనిషి పుట్టకముందే, కోట్ల ఏళ్ళ కిందట గడ్డకట్టాయి. ఆ కరుగులో నీరు ఎక్కువ కాబట్టే స్ఫటికాలు ఇంత పెద్దగా పెరిగాయి.

మొక్క ఇంకా నాటలేదు. తవ్విన మట్టిని జల్లెడ పడుతున్నా. ఇప్పుడే గింజంత ఎర్రటి రాయి ఒకటి దొరికింది, గార్నెట్ అనే రత్నపురాయి అనుకుంటా.