చిత్తూరు దొర గోరీ నుంచి ఇంగ్లండ్ పల్లె దాకా

1911 ఏప్రిల్ 1 దాకా నార్త్ ఆర్కాట్ జిల్లాకు చిత్తూరే కేంద్రం. కలెక్టర్లు, జడ్జీలు, సర్జన్లు, పటాలం అధికారులు వందేళ్లకు పైగా ఇక్కడ కాపురాలు చేశారు, పిల్లల్ని కన్నారు, కొందరు ఇక్కడే పోయారు. ఆ గోరీల్లో ఉన్నది ఎవరు, వాళ్ల సొంతూరేది, పిల్లలేమయ్యారు అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొందరు ఇంగ్లండు నుంచి అడుగుతారు, కొందరు చెన్నై, బెంగళూరుల్లోని ఆంగ్లో ఇండియన్ ఇళ్ల నుంచి. ఇద్దరూ వెతకాల్సిన దారి చాలావరకు ఒకటే.

గోరీ మీది రాత, చర్చి రిజిస్టరు మనిషి పోయిన రోజు చెబుతాయి. కుటుంబం గురించి అవి చెప్పేది తక్కువ. కుటుంబం బయటపడేది డబ్బు కాగితాల్లో: ఉద్యోగానికి పెట్టుకున్న అర్జీ, వీలునామా, ఆస్తి వేలం పట్టీ, వారసులకు చెల్లించిన లెక్క. చాలామంది రిజిస్టర్ల దగ్గరే ఆగిపోతున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఊరి పేరు సంగతి. పాత కాగితాల్లో చిత్తూరు చివర ఓ-ఓ-ఆర్ కాకుండా ఓ-ఆర్-ఈ అని చాలాచోట్ల కనిపిస్తుంది. అదే రాజస్థాన్ చిత్తోడ్‌కు కూడా వాడిన స్పెల్లింగు. పాలక్కాడు దగ్గర ఇంకో చిత్తూరు ఉంది. వెతికేటప్పుడు పక్కన మద్రాస్ అనో నార్త్ ఆర్కాట్ అనో జోడించకపోతే ముగ్గురు వేర్వేరు మనుషుల జీవితాలు ఒకరి నెత్తిన పడతాయి. తిరుపతిని ట్రిపెట్టి అనీ, కాళహస్తిని కాలస్త్రి అనీ రాసుకున్నారు, అక్షరాలు ఒక్కో గుమాస్తావి ఒక్కో రకం. ఏ జిల్లా అన్నదీ చూసుకోవాలి. తిరుపతి అప్పట్లో నార్త్ ఆర్కాట్‌లోని చంద్రగిరి తాలూకా. మదనపల్లె, వాయల్పాడు 1911 దాకా కడప జిల్లావి. హార్స్‌లీ కొండకు పేరిచ్చిన దొర కడప కలెక్టరు కాబట్టి ఆయన కాగితాలు చిత్తూరు దస్తాల్లో దొరకవు.

ఇక రాయి దగ్గరికి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అరిగిపోయిన అక్షరం కంటికి ఆనదు. పొద్దున ఏడింటికో, సాయంత్రం ఐదు దాటాకో వెళ్లాలి, ఏటవాలు ఎండకు చెక్కిన గీతలో నీడ నిలుస్తుంది. ఫలకం ఎండ రాని వైపు ఉంటే పక్కనుంచి పెద్ద అద్దం పట్టి వెలుతురు మళ్లించండి. చీకటి పడ్డాక అయితే టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కగా వేయాలి. సుద్ద, ముగ్గుపిండి రుద్దకండి. యాసిడ్ పోయడం, ఇనుప బ్రష్షుతో గీకడం అసలు పనికిరావు. గచ్చు గోరీల మీద సున్నం పొర యాసిడ్‌కు కరిగిపోతుంది. కడప నాపరాతి ఫలకాలకు పొరలు లేస్తాయి, గట్టిగా రుద్దితే పై పొరతో పాటు అక్షరాలూ ఊడి వస్తాయి. మెత్తటి బ్రష్షు, మామూలు నీళ్లు చాలు. పొర ఇప్పటికే లేచి ఉంటే నీళ్లు కూడా వద్దు.

ఫొటో ముందు మొత్తం ఫలకానికి తీయండి, ఆ తర్వాత ఒకదాని అంచు ఇంకోదానిలోకి వచ్చేలా ముక్కలుగా. పక్కన ఒక స్కేలు పెట్టండి. రాసుకునేటప్పుడు ఏ వరుస ఎక్కడ తెగిందో అక్కడే తెంచి రాయాలి. చదవలేని అక్షరానికి చుక్క పెట్టండి, ఊహించి నింపకండి. 1కీ 7కీ, 3కీ 8కీ, 5కీ 6కీ తేడా ఒక్క పెచ్చు ఊడితే పోతుంది. ఇక్కడ పదేళ్లు పొరబడితే తర్వాత వెతికిన రిజిస్టర్లన్నీ వృథా. వయసు దగ్గర ఇంకో చిక్కుంది. 1825 జూన్‌లో ముప్పై నాలుగో ఏట మరణించాడని ఉంటే నిండింది ముప్పై మూడేళ్లే. అంటే పుట్టింది 1791 జూన్‌కూ 1792 జూన్‌కూ మధ్య.

పేరు తర్వాత ఉన్న పొడి అక్షరాలను వదలకండి, ఏ బీరువా తెరవాలో చెప్పేవి అవే. ఎం.ఎన్.ఐ. అంటే మద్రాస్ నేటివ్ ఇన్‌ఫెంట్రీ, ఈస్టిండియా కంపెనీ సైన్యం. ఎం.సి.ఎస్. అంటే మద్రాస్ సివిల్ సర్వీస్. ఈ రెండు రకాల వాళ్ల కాగితాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఉంటాయి. హెచ్.ఎం. అని మొదలై రెజిమెంట్ నంబరు ఉంటే ఆయన రాజుగారి సైన్యం మనిషి, వెతకాల్సింది లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో. మనవాళ్లు దొర గోరీ అన్నంత మాత్రాన లోపలున్నది ఇంగ్లీషువాడని అనుకోకూడదు. 1853లో మొదలైన ఆర్కాట్ మిషన్ వాళ్లు అమెరికన్లు. తిరుపతి, కాళహస్తి వైపు పనిచేసిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్లు జర్మన్లు. వాళ్ల కోసం లండన్ రిజిస్టర్లు తిరగేసి లాభం లేదు.

రాయి పగిలిపోయినా, మాయమైనా ఒక ఆసరా ఉంది. ఐ.సి.ఎస్. అధికారి జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు ప్రెసిడెన్సీ గోరీల రాతలను సేకరించి 1905లో అచ్చువేయించాడు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చరిత్రపరంగా ముఖ్యమనుకున్నవే తీసుకున్నాడు కాబట్టి అందులో లేనంత మాత్రాన గోరీ లేనట్టు కాదు. మామూలు సిపాయిలు, పసిపిల్లలు ఆ జాబితాలో తక్కువ.

ఇప్పుడు చర్చి రిజిస్టర్లు. ప్రతి స్టేషన్లో పాదిరీ రాసుకున్న బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు మద్రాసుకు, అక్కణ్నుంచి లండన్‌కు వెళ్లేవి. మద్రాసు నకళ్ల వరుసకు లండన్‌లో ఎన్-2 అని పేరు, 1698 నుంచి ఉన్నాయి. ఫైండ్‌మైపాస్ట్ సైటులో డబ్బు కట్టి బొమ్మలు చూడవచ్చు. ఫ్యామిలీసెర్చ్‌లో, ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ సైటులో సూచికలు ఉచితం. సూచికలో దొరికిన దాంతో తృప్తిపడకండి, పేజీ బొమ్మ చూసి తీరాలి. నకలు రాసిన గుమాస్తా ఒకసారి తప్పు చదివి ఉంటాడు, సూచిక తయారుచేసినవాళ్లు ఆ నకలును మళ్లీ తప్పు చదివి ఉంటారు.

చిత్తూరులో పాదిరీ లేని కాలంలో బాప్తిస్మం కోసం కుటుంబాలు వేలూరు, ఆర్కాట్ వైపు వెళ్లేవి, లేదా పాదిరీ పర్యటనకు వచ్చేదాకా ఆగేవి. అందుకే ఒకే రోజున ఒకే తల్లిదండ్రుల ముగ్గురు పిల్లల బాప్తిస్మం కనిపిస్తే కవలలని అనుకోకండి, పుట్టిన తేదీ గడి విడిగా చూడండి.

కంపెనీ తొలినాళ్ల మనిషి అయితే పని ఇంకా కష్టం. 1639లో ఫ్రాన్సిస్ డే, ఆండ్రూ కోగన్ మద్రాసులో స్థలం సంపాదించినప్పుడు ఆ నేల చంద్రగిరి ఏలుబడిలోది. మద్రాసు సెయింట్ జార్జ్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చి మాత్రం 1680 అక్టోబరు 28న ప్రారంభమైంది, దాని రిజిస్టర్లు అప్పటి నుంచే. మధ్యలో నలభై ఏళ్ల మనుషుల్ని ఆ రిజిస్టర్లలో వెతకడం దండగ. కంపెనీ ఉత్తరాలు, కోట సంప్రదింపుల పుస్తకాలు, ఉద్యోగుల పట్టీలు చూడాలి. అందులో హోదా వరుస తెలిస్తే ఏళ్లు లెక్కకట్టవచ్చు. రైటరుగా (కొత్తగా చేరిన గుమాస్తా) ఐదేళ్లు, ఫ్యాక్టరుగా (వ్యాపార ప్రతినిధి) మూడేళ్లు, జూనియర్ మర్చంటుగా మూడేళ్లు చేశాక సీనియర్ మర్చంటు. ఫలానా ఏట ఫ్యాక్టరుగా కనిపిస్తే దేశానికి వచ్చింది సుమారుగా ఐదు నుంచి ఎనిమిదేళ్ల ముందు.

తేదీల్లో ఒక గుంట ఉంది. 1752కు ముందు ఇంగ్లీషువాళ్లకు కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టరులో 1699 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1700 ఫిబ్రవరి. ఇది పట్టించుకోకపోతే 1699 జూన్‌లో పెళ్లయి, 1699 ఫిబ్రవరిలో బిడ్డ పుట్టినట్టు కనబడుతుంది, లేనిపోని అపవాదు అంటగడతాం.

ఇండియా నుంచి ఇంగ్లండ్ పల్లెకు వంతెన ఎక్కడుందంటే ఉద్యోగపు అర్జీలో. రైటరు ఉద్యోగానికి కుర్రాడు పెట్టుకున్న అర్జీకి సొంతూరి చర్చి ఇచ్చిన బాప్తిస్మ పత్రం, లెక్కలు నేర్చుకున్నట్టు మాస్టారి యోగ్యతా పత్రం జతచేయాలి. ఈ అర్జీలు 1749 నుంచి 1856 దాకా ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లోనే జె-1 వరుసలో ఉన్నాయి. సైన్యంలో చేరిన క్యాడెట్లవి 1789 నుంచి 1860 దాకా ఎల్-ఎం.ఐ.ఎల్-9 వరుసలో. ఒక్క కాగితంతో పుట్టిన రోజు, తల్లిదండ్రుల పేర్లు, పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) మూడూ చేతికొస్తాయి. అక్కణ్నుంచి ఆ కౌంటీ రికార్డాఫీసులో పారిష్ రిజిస్టర్లు పట్టుకుని వెనక్కి వెళ్లాలి. ఇంగ్లండులో అవి 1538లో మొదలయ్యాయి. 1642 నుంచి 1660 దాకా అంతర్యుద్ధం, రాజులేని కాలం వల్ల చాలాచోట్ల ఖాళీలు. కుటుంబం స్కాట్లండ్‌దైతే ఈ దారి పనికిరాదు, అక్కడి రిజిస్టర్లు వేరు. తిరుమల గుడిలో గంగాళానికి పేరు నిలిచిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు. ఆయన సంగతి ఇంకో పాఠం కూడా: 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు, గుత్తిలో పాతిపెట్టారు, 1831లో అస్థికలను సెయింట్ మేరీస్‌కు తరలించారు. పోయిన ఊరు, పాతిన ఊరు, ఇప్పుడు ఫలకం ఉన్న ఊరు మూడూ వేరు.

ఒకే పేరున్న ఇద్దరిని కలిపేయడం ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. తిరుమల దేవస్థానం వ్యవహారాల మీద 1803లో నివేదిక పంపిన కలెక్టరు జార్జ్ స్ట్రాటన్. 1776లో గవర్నరు పిగట్‌ను నిర్బంధించిన మద్రాసు కౌన్సిల్ సభ్యుడి పేరూ జార్జ్ స్ట్రాటనే. పేరు చూసి ఒకరనుకున్నా, తండ్రీకొడుకులని రాసేసినా తప్పే, కాగితం చూపించాలి. మద్రాసు సివిల్ ఉద్యోగుల సర్వీసు వివరాలు 1741 నుంచి 1858 దాకా ప్రిన్సెప్ సంకలనం చేసి 1885లో వేశాడు. సైనికాధికారులకు 1760–1834 మధ్య డాడ్వెల్, మైల్స్ జాబితా ఉంది. చేరిన ఏడు, పదవులు పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరూ విడిపోతారు.

అసలు నిధి వీలునామాల్లో ఉంది. వీలునామాతో పాటు ఆస్తి పట్టీ, వేలం లెక్క, కార్యనిర్వాహకుడి (వీలునామాను అమలు చేసేవాడి) జమాఖర్చు దాఖలయ్యేవి. వేలం పట్టీలో పల్లకి, జీను, సారాయి సీసాలు, కుర్చీలు ఒక్కో వరుసలో ఉంటాయి, ఎదురుగా కొన్నవాడి పేరు, పలికిన ధర. కొన్నవాళ్ల పేర్లు రాసుకోండి, స్నేహితులు, బావమరుదులు, అప్పులవాళ్లు అక్కడే కనబడతారు. ధరలు 1818 దాకా ఎక్కువగా స్టార్ పగోడాల్లో, అంటే వరహాల్లో ఉంటాయి. వరహాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. మూడు గళ్లను చూసి పౌండ్లు, షిల్లింగులు, పెన్నీలని చదివితే కూడిక కలవదు. వరహాకు మూడున్నర రూపాయలని లెక్కేసుకోండి.

మన ఊళ్ల ఆడవాళ్లు కాగితం మీదికి వచ్చేదీ ఇక్కడే. దొరతో కాపురం చేసిన తెలుగు, తమిళ స్త్రీ పేరు పిల్లల బాప్తిస్మంలో తరచుగా ఉండదు, ఆ గడి ఖాళీగానో, నేటివ్ స్త్రీ అనో ఉంటుంది. వీలునామాలో మాత్రం ఆమెకు నెలకు ఇన్ని వరహాలు ఇవ్వాలని రాయాలంటే పేరు రాయక తప్పదు. ఆ పేరు ఇంగ్లీషు చెవికి వినబడినట్టు ఉంటుంది, పైకి చదివితే మనకు పోలిక తెలుస్తుంది. లండన్‌లో కూర్చుని వెతికేవాళ్లకు ఇది చేతకాదు, తెలుగువాళ్లం చేసిపెట్టాల్సిన పని.

పిల్లల జాడకు 1791 గుర్తుంచుకోండి. ఆ ఏడు తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైన సంతానాన్ని కంపెనీ అధికారి ఉద్యోగాలకు అనర్హులను చేశారు. తండ్రి కెప్టెన్ అయినా కొడుకు పేరు ఆఫీసర్ల జాబితాలో లేకపోతే చనిపోయాడని కొట్టేయకండి. పటాలం బ్యాండులో, గుమాస్తా పనుల్లో, మద్రాసు అనాథ ఆశ్రమాల రిజిస్టర్లలో చూడండి. వాళ్ల మనవల తరం రైల్వేలో, టెలిగ్రాఫులో కనిపిస్తుంది.

వీలునామా ఒక్కటి తీసుకుని ఆపేయకుండా కార్యనిర్వాహకుడి జమాఖర్చులు తర్వాతి ఏళ్లవి కూడా తెప్పించుకోండి. ఆమెకు ఇచ్చిన నెలసరి సొమ్ము ఏటేటా ఒక పద్దుగా వస్తుంది. ఆ పద్దు ఆగిన ఏడు, ఆమె పోయిందో, ఇంకో ఊరికి మారిందో, సొమ్ము మొత్తంగా తీసుకుందో అదే వరుసలో ఒక్కోసారి కారణం రాసి ఉంటుంది. కొన్నిసార్లు ఆ తర్వాతి వరుసలో సొమ్ము అందుకున్న కూతురి పేరు, ఆమె పెళ్లాడినవాడి పేరు ఉంటాయి. ఆ పేరుతో మళ్లీ ఎన్-2లో పెళ్లిళ్ల రిజిస్టరు తెరవాలి.