సీనియరు గారి ఆఫీసులో జూనియరు నేర్చుకోవలసింది

న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, ఆలిండియా బార్ పరీక్ష కూడా గట్టెక్కిన వారికి దేశంలోని ఏ న్యాయస్థానంలోనైనా వాదించే హక్కును చట్టం ఇస్తుంది. అయితే నఖలు (కోర్టు పత్రాల ధ్రువీకృత ప్రతి) కోసం అర్జీ ఎలా పెట్టుకోవాలో, ఆఫీసు అభ్యంతరాలతో వెనక్కి వచ్చిన ప్లయింటును (దావా పత్రాన్ని) ఎలా సరిచేసి మళ్లీ వేయాలో, సాక్షిని ప్రశ్నించడం ఎక్కడ ఆపాలో నేర్పేది మాత్రం సీనియరు గారి ఆఫీసే.

ఇంత ముఖ్యమైన శిక్షణ మన వృత్తిలో కేవలం సీనియర్ల మంచితనం మీద ఆధారపడి ఉండడం నాకు చాలాకాలంగా బాధ కలిగిస్తున్న విషయం. 1961 నాటి న్యాయవాదుల చట్టంలో మొదట శిక్షణ నిబంధన ఉండేది. 1973 నాటి సవరణ దానిని తొలగించింది. 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏడాది శిక్షణను తప్పనిసరి చేస్తూ నియమాలు తెచ్చినా, అటువంటి నియమం చేసే అధికారం కౌన్సిల్‌కు లేదని 1999లో వి. సుధీర్ కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది.

నాకు దొరికిన సీనియరు గారు ప్రతి సాయంత్రం ఆ రోజు జరిగిన క్రాస్‌ను, అంటే అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించిన తీరును, మళ్లీ విప్పి చెప్పేవారు. ఒక ప్రామిసరీ నోటు దావాలో మేము ప్రతివాది తరఫున ఉన్నాము. నోటును ఉదయం దుకాణంలో రాయించుకున్నానని వాది చెప్పాడు. దస్తూరీ రాసిన వ్యక్తి మాత్రం సాయంత్రం వాది ఇంట్లో రాశానన్నాడు. ఆ జవాబు రికార్డులోకి ఎక్కగానే సీనియరు గారు వేరే విషయానికి వెళ్లిపోయారు. వాది ఇలా చెప్పాడు కదా అని సాక్షిని నిలదీయలేదేమండీ అని ఆ సాయంత్రం అడిగాను. "అడిగితే సర్దుకునే దారి మనమే చూపించినట్టవుతుంది. ఆ తేడాను వాదనల్లో జడ్జిగారి ముందు పెడదాం" అన్నారు. పక్కన కూర్చుని చూసినంత మాత్రాన ఇది అర్థం కాదు. అడిగిన ప్రశ్నలు కనిపిస్తాయి గానీ, అడగకుండా ఆపుకున్న ప్రశ్న వెనుక ఉన్న ఆలోచన ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. జూనియరుకు సీనియరు ఇవ్వగలిగినది ప్రధానంగా ఇదేనని నా నమ్మకం.

ఇందుకు విరుద్ధంగా, సీనియరు గారు వేరే కోర్టులో ఉన్నారని చెప్పి పాస్‌ఓవర్ (కేసును కాసేపాగి పిలవమని) అడగడానికీ, వాయిదాలు డైరీలో రాసుకోవడానికీ మాత్రమే జూనియర్లను ఉంచుకునే ఆఫీసులు ఉన్నాయి. జీతం సంగతి మరీ దయనీయం. పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించినా, అది సిఫారసు మాత్రమే. ఇంట్లో ఆసరా లేని పిల్లలు నిలదొక్కుకోకముందే వృత్తి వదిలేస్తున్నారు. ఆఫీసు పని రాత్రి పొద్దుపోయేదాకా సాగే చోట ఆడపిల్లలకు ఇది మరింత కష్టం. వారి కోసం ఆ వేళలను ముందుకు జరపడం ఏ సీనియరుకైనా సాధ్యమయ్యే పనే.

నేర్చుకోవడం ఒకవైపే ఉండదని 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాక మరింత స్పష్టమైంది. హైకోర్టులో కేసు కొట్టివేయించే పిటిషన్ అంటే దశాబ్దాలుగా మా నోట సెక్షన్ 482 అనే వచ్చేది; కొత్త చట్టంలో అది 528 అయింది, 482 ముందస్తు బెయిలుకు వెళ్లింది. ఈ అంకెలను ముందుగా ఒంటబట్టించుకున్నది మా ఆఫీసులో జూనియర్లే. పాత పట్టును వదిలి వారిని అడిగి తెలుసుకున్న పెద్దల మీద నాకు గౌరవం పెరిగింది.

సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ప్రాక్టీసును ధ్రువీకరించే వారిలో పదేళ్ల అనుభవమున్న న్యాయవాది కూడా ఉన్నారు గనుక, ఆ సంతకం పెట్టే ముందు ఆ మూడేళ్లలో తాను ఏం నేర్పారో సీనియరు తనను తాను ప్రశ్నించుకోవాలి. కనీసం మొదటి ఏడాది గడిచాక చిన్న దావాల్లో క్రాస్‌ను జూనియరుకే అప్పగించాలి. కక్షిదారు ఒప్పుకోరని చాలామంది అంటారు, ఆ భయంలో నిజం లేకపోలేదు. ఫీజు మాట్లాడుకునే రోజే విషయం చెప్పి, కేసు కట్టను కక్షిదారు ఎదుటే జూనియరు చేతికిచ్చి, విచారణ రోజున తాను పక్కనే కూర్చుంటే ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. ఒప్పుకోని వారి కేసులో సీనియరే క్రాస్ చేయవచ్చు, ప్రశ్నలు మాత్రం ముందు రోజు జూనియరు చేతనే రాయించాలి.