నాలుగు కోట్ల కోపం

మా ఇంట్లో ఫుట్‌బాల్ గురించి మాట్లాడేది ఇద్దరమే, నేనూ మా బావమరిదీ. ఆ ఇద్దరికీ ఇవాన్ వుకోమనోవిచ్ దగ్గర మాత్రం ఎప్పుడూ చెడుతుంది. 2021 నుంచి 2024 దాకా ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఆడే కేరళ బ్లాస్టర్స్ టీమ్‌కు కోచ్‌గా ఉన్న సెర్బియా మనిషి ఆయన. నేను బ్లాస్టర్స్, వాడు బెంగళూరు ఎఫ్‌సీ. వాడి ఉద్యోగం బెంగళూరులోనే, అందుకని వాడినెవరూ కారణం అడగరు. నన్నే అడుగుతారు, తిరుపతిలో ఉండి కేరళ టీమేంది అని. 2016లో సచిన్‌తో పాటు చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్ ఆ టీమ్‌కు యజమానులుగా వచ్చారు. చిరంజీవేమో 2009లో మా ఊరి నుంచే గెలిచిన ఎమ్మెల్యే. హైదరాబాద్‌కు ఐఎస్ఎల్ టీమ్ వచ్చింది 2019లో, అప్పటికి నాకు పసుపు జెర్సీ అలవాటైపోయింది. అప్పుడు మారమంటే ఎట్లా మారేది?

ఇవాన్ రాకముందు సీజన్లో మేం 11 టీముల్లో పదో స్థానం. ఆయన మొదటి మ్యాచ్ కూడా ఏటీకే మోహన్ బగాన్ చేతిలో 4-2తో పోయింది. ఆ తర్వాత వరసగా పది మ్యాచ్‌లు ఓటమి లేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో ఫైనల్, హైదరాబాద్ మీద. 1-1 దగ్గర ఆగింది, పెనాల్టీల్లో వాళ్ళ గోల్‌కీపర్ కట్టిమణి మా వాళ్ళ షాట్లు ఆపేశాడు. కప్పు పోయింది గానీ నెల తిరిగేలోపు క్లబ్ ఇవాన్ కాంట్రాక్ట్‌ను 2025 దాకా పొడిగించింది. రైల్వే స్టేషన్ దగ్గర టీ బంకు నడిపే మలయాళీ, మేమంతా చేట్టన్ (అన్న) అని పిలిచే ఆయన, ఆ రోజు తెలిసినవాళ్ళెవరి దగ్గరా టీ డబ్బులు తీసుకోలేదు.

ఇక్కడ నాకో అనుమానం ఉంది. ఆ సీజన్ మొత్తం కరోనా వల్ల గోవాలోనే, ఫైనల్‌కు తప్ప జనం లేరు. ఖాళీ స్టాండ్ల ముందు ఆయన నెమ్మదస్తుడు. కాంట్రాక్ట్ తెచ్చిపెట్టింది ఆ నెమ్మదస్తుడే. మేం బ్యానర్లు కట్టి ‘ఆశాన్’ (మలయాళంలో గురువు) అని నెత్తిన పెట్టుకున్నది మాత్రం తర్వాత జనం ముందు టచ్‌లైన్ మీద చేతులూపుతూ రెఫరీలతో పోట్లాడిన మనిషిని.

ఇక అసలు గొడవ. 2023 మార్చి 3, బెంగళూరు శ్రీకంఠీరవ స్టేడియంలో ప్లేఆఫ్, ఓడితే ఇంటికే. మా బావమరిది స్టాండ్‌లో, నేను ఇంట్లో టీవీ ముందు. తొంభై నిమిషాలూ గోల్ లేదు. ఎక్స్‌ట్రా టైమ్ మొదలైన కాసేపటికి బెంగళూరుకు ఫ్రీ కిక్. మా గోల్‌కీపర్ గిల్ ఇంకా వాల్, అంటే బంతికి అడ్డంగా నిలబడే మా ఆటగాళ్ళ వరస, సర్దుతూనే ఉన్నాడు, సునీల్ ఛెత్రి నింపాదిగా బంతిని ఖాళీ గోల్‌లోకి తోసేశాడు. రెఫరీ క్రిస్టల్ జాన్ గోల్ ఇచ్చేశాడు. ఐఎస్ఎల్‌లో వీడియో చూసి నిర్ణయం సరిచూసే వీఏఆర్ లేదు, వెనక్కి చూసుకునే దారి లేదు. ఇవాన్ మైదానం అంచుకు వచ్చి, రండిరా పోదాం అన్నట్టు చెయ్యి ఊపాడు. పదకొండు మందీ వెళ్ళిపోయారు. కాసేపు చూసి మ్యాచ్ బెంగళూరుకు ఇచ్చేశారు.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. స్కూలు టోర్నమెంట్లకు విజిల్ కూడా పట్టుకుంటాను, కాబట్టి ఈ రూలు నాకు కంఠతా. ఫ్రీ కిక్‌కు ప్రతిసారీ విజిల్ అక్కర్లేదు. కొట్టేవాడు అవతలివాళ్ళను దూరం జరపమని అడిగితే, లేదా కార్డు చూపించడానికో, దెబ్బ తగిలిన ఆటగాడి కోసమో రెఫరీ ఆట ఆపితే, అప్పుడు విజిల్ పడాల్సిందే. లేదంటే అవతలివాళ్ళు 9.15 మీటర్లు జరిగేదాకా ఆగే పని కూడా లేదు. విజిల్ వద్దు, వాల్ వద్దు అని తాను రెఫరీకి ముందే చెప్పానని ఛెత్రి మ్యాచ్ అయ్యాక అన్నాడు. అయితే గోల్ చెల్లుతుంది. చేట్టన్ ముందర ఈ ముక్క అంటే నా గ్లాసులో చక్కెర పడదు.

అంతసేపు ఆగి కొట్టింది త్వరగా కొట్టినట్టు ఎట్లా అవుతుందని చేట్టన్ వాదన. అదీ కొట్టిపారేసేది కాదు. ఆ గోల్ మీద ఇద్దరు రెఫరీలను అడిగితే రెండు మాటలు చెప్తారు. మైదానం వదిలిపోవడం మీద మాత్రం ఒకటే మాట. మా స్కూలు పిల్లల మ్యాచ్‌లో ఏ సారన్నా టీమ్‌ను తీసుకుని పోతే, నేను వాచీ చూసుకుని, రిపోర్టు రాసి, అవతలివాళ్ళను గెలిపిస్తాను. అంతకుమించి నా చేతిలో ఏమీ ఉండదు.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) క్లబ్‌కు 4 కోట్లు జరిమానా వేసింది. ఇవాన్‌కు 5 లక్షలు, పది మ్యాచ్‌ల నిషేధం. బహిరంగంగా క్షమాపణ చెప్పకపోతే అది 6 కోట్లు, 10 లక్షలు. చెప్పారు, ఇద్దరూ.

“నాలుగు కోట్లు బా! ఆ కోపం ఖరీదు నాలుగు కోట్లు. ఆ దుడ్డుతో మంచి డిఫెండర్ను తెచ్చుకోవచ్చు గదా. ఆయప్ప కాంట్రాక్టు ఆ రోజే చించేయాల్సింది” అంటాడు మా బావమరిది.

“రే, మీ ఛెత్రి గోల్‌తో మీరు ఫైనల్ దాకా పోయి ఏం చేసినారు? మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో పోలేదా?” అంటాను నేను. ఇది జవాబు కాదని నాకూ తెలుసు.

ఆ మేలోనే ఇటలీ క్లబ్ రోమా కోచ్ జోసే మౌరిన్యో బుడాపెస్ట్‌లో యూరోపా లీగ్ ఫైనల్ ఓడిపోయి, కారు పార్కింగ్ దాకా వెళ్ళి రెఫరీ ఆంథనీ టేలర్‌ను బూతులు తిట్టాడు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ఆయనకు వేసింది నాలుగు మ్యాచ్‌ల నిషేధం. అంత తిట్టినవాడికి నాలుగు, చెయ్యి ఊపినవాడికి పదా అని చేట్టన్ మండిపడతాడు. నాకైతే ఆ లెక్క సరిగానే ఉంది. మౌరిన్యో తిట్లతో రోమా ఆట పోలేదు. ఇవాన్ చెయ్యి ఊపేసరికి ఇంకో ఇరవై నిమిషాలకు పైగా మిగిలిన ఆట పోయింది. ఒక్క గోల్ తేడా! గోల్ అవకాశాలు పుట్టించే మా లూనా లాంటి వాడు మైదానంలో ఉండగా అది పెద్ద తేడానా? ఆయన రెఫరీతో పోట్లాడినందుకు నాకు బాధ లేదు. మా వాళ్ళు గోల్ కొట్టే అవకాశాన్ని ఆయనే లాగేసుకున్నందుకు ఉంది.

అయినా కాంట్రాక్ట్ చించమని నేననను. నిషేధం అయిపోయి 2023 అక్టోబరు 27న కొచ్చిలో ఒడిశా మీద ఆయన తిరిగి వచ్చినప్పుడు స్టేడియం ఎట్లా ఊగిందో చూశాను, 2-1తో గెలిచాం కూడా. డిసెంబరులో మళ్ళీ రెఫరీల మీద నోరు జారి ఒక మ్యాచ్‌కు దూరమయ్యాడు. అప్పుడు మాత్రం మా బావమరిది ఫోన్లో నవ్విన నవ్వుకు నాకు ఒళ్ళు మండింది.

2024 ఏప్రిల్లో ప్లేఆఫ్‌లో ఒడిశా చేతిలో ఓడిన వారం రోజులకే క్లబ్, ఆయన మాట్లాడుకుని విడిపోయారు. కాంట్రాక్ట్‌లో ఇంకో ఏడాది మిగిలే ఉంది. విడిపోయింది ఆ కోపానికి కాదు, కప్పు రాలేదనే అని నా లెక్క. బదులుగా వచ్చిన స్వీడన్ కోచ్ మికాయెల్ స్టారేను డిసెంబరు దాటకుండానే పంపించేశారు.

మొన్న ఆదివారం బంకు దగ్గర మళ్ళీ అదే పంచాయితీ. ఇవాన్‌ను తిరిగి తెస్తే ఎట్లుంటుంది అని చేట్టన్ అడిగాడు. తీసుకురండి, మైదానం వదిలితే జరిమానా ఆయన జేబులోంచే అని మాత్రం రాయించుకోండి అన్నాను. మా బావమరిది వెంటనే అందుకున్నాడు: “ఆ మాట రాస్తే ఆయప్ప సంతకం పెడతాడంటావా బా?”

పెట్టడు. చేట్టన్ కూడా అదే అన్నాడు, గర్వంగా.