గౌరిబిదనూరులో ఆకాశం జాబితా

బెంగళూరు నుంచి హిందూపురం వెళ్ళే మా వాళ్ళందరికీ గౌరిబిదనూరు అంటే రైలు ఆగే ఒక స్టేషన్, అంతే. ఆ ఊరి బయట పొలాల మధ్య 1970లలో కట్టిన రేడియో టెలిస్కోపుతో ఆకాశంలో చాలా పెద్ద భాగానికి పటం గీశారని నాకు కూడా మొన్నటిదాకా సరిగా తెలియదు. మా పిన్ని కూతురు బెంగళూరులో రేడియో ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది, ఏదో పని మీద అక్కడికి వెళ్తూ ముందే అనుమతి అడిగి నన్నూ తీసుకెళ్ళింది.

యలహంకలో పొద్దున్నే రైలెక్కాం. దొడ్డబళ్ళాపురం దాటాక మాకళిదుర్గ కొండ పక్కగా రైలు వంపులు తిరుగుతుంటే నేను కిటికీ లోంచి చూస్తున్నాను, తను మాత్రం లాప్‌టాప్ తెరిచి అంకెల వరుసలు చూస్తోంది. ఒక్కో వరుస ఒక్కో రేడియో మూలం, అంటే ఆకాశం నుంచి రేడియో తరంగాలు పంపే వస్తువు. ఆకాశంలో అది ఎక్కడుంది, ఎంత బలంగా ఉంది, ఆ కొలతలో ఎంత తేడా ఉండొచ్చు, అంతే ఉంటుంది అందులో. పేరు కూడా దాని చిరునామానే. జే1229+0203 అంటే ఆకాశపు రేఖాంశం (దాన్ని గంటల్లో కొలుస్తారు) 12 గంటల 29 నిమిషాలు, ఆకాశపు మధ్యరేఖకు ఉత్తరంగా 2 డిగ్రీల 3 నిమిషాలు అని అర్థం. ఇదే మూలం 1959లో వచ్చిన మూడో కేంబ్రిడ్జి కేటలాగులో 273వ నంబరు. 1963లో మార్టిన్ ష్మిట్ దాని వర్ణపటాన్ని చదివి, అది రెండు వందల కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న క్వేజార్, అంటే విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రం అని తేల్చాడు. జాబితాలో ఒక నంబరుగా మొదలైనది అక్కడిదాకా పోయింది.

స్టేషన్ నుంచి ఆటోలో వెళ్ళాం. లోపలికి పోగానే ఫోన్లు ఆఫ్ చెయ్యమన్నారు. ఎందుకో మా చెల్లి చెప్పింది. రేడియో మూలాల బలాన్ని జాన్‌స్కీ అనే ప్రమాణంలో కొలుస్తారు. ఒక జాన్‌స్కీ అంటే ఒక వాట్‌ను ఒకటి పక్కన 26 సున్నాలున్న సంఖ్యతో భాగించినంత, అదీ చదరపు మీటరుకు, హెర్ట్జ్‌కు. అంత సన్నటి సంకేతం ముందు మన జేబులో ఫోను ఒక పెద్ద గోల.

ఇక్కడ రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ కలిసి కట్టిన పాత టెలిస్కోపులో గుండ్రటి డిష్షులేమీ లేవు. మొత్తం వెయ్యి డైపోల్ (రెండు కడ్డీల) యాంటెన్నాలు, ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో. తూర్పు పడమరల చేయి 1.38 కిలోమీటర్లు, దక్షిణం చేయి 450 మీటర్లు. అది వినే ఫ్రీక్వెన్సీ 34.5 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో తరంగం పొడవు దాదాపు 8.7 మీటర్లు. ఇప్పుడు అక్కడ మనకు బాగా కనబడేవి సూర్యుణ్ణి గమనించే రేడియోహీలియోగ్రాఫ్ యాంటెన్నాలు, ఒకప్పుడు మన మిద్దెల మీద ఉండే దూరదర్శన్ యాంటెన్నాల్లాగే బారులు తీరి నిలబడి ఉంటాయి. ఎండలో ఆ వరుస పక్కనే చాలాసేపు నడిచాం. అక్కడి పనివాళ్ళు మాతో కన్నడంలో మొదలుపెట్టి, మా యాస వినగానే తెలుగులోకి మారిపోయారు, హిందూపురం అక్కడికి అంత దగ్గర మరి.

ఆ పాత టెలిస్కోపు తూర్పుకో పడమరకో తిరగదు. భూమే తిరుగుతూ ఆకాశాన్ని దాని ముందు నుంచి లాక్కుపోతుంది. ఉత్తర దక్షిణాలకు చూపు మార్చాలంటే యాంటెన్నాల సంకేతాల మధ్య ఫేజు, అంటే తరంగాలు ఒకదానికంటే ఒకటి ఎంత ముందూ వెనకా ఉన్నాయన్నది, మారుస్తారు. ఇలా చూసి చూసి, కె.ఎస్. ద్వారకానాథ్, ఎన్. ఉదయ శంకర్ 1990లో 34.5 మెగాహెర్ట్జ్ ఆకాశ పటం ప్రచురించారు. దక్షిణాన 50 డిగ్రీల నుంచి ఉత్తరాన 70 డిగ్రీల దాకా, 24 గంటల ఆకాశమంతా. కర్ణాటకలో ఒక పల్లె పక్కన ఈ పని జరిగిందంటే నాకు నిజంగా గర్వంగా అనిపించింది.

"పటం వచ్చేసినాక జాబితా రాయడానికి అంత కష్టమేముందమ్మా?" అని అడిగాను.

"అసలు పని అక్కడే మొదలయ్యేది అన్నా" అంది.

ఈ టెలిస్కోపుకు ఒక చుక్క సుమారు చంద్రబింబం అంత వెడల్పు. అంత చోటులో రెండు మూడు బలహీనమైన మూలాలు కలిసిపోయి ఒక్కటిగా కనబడొచ్చు. సిగ్నస్ ఏ, కాసియోపియా ఏ లాంటి భారీ మూలాల చుట్టూ లేని చుక్కలు పుట్టుకొస్తాయి. పైగా ఐనోస్ఫియర్, అంటే వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొర, తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలను వంచేస్తుంది కాబట్టి ఉన్న చుక్క కూడా ఉన్నచోట కనబడదు, అందుకే ఆ పొర కాస్త పలచబడే రాత్రి పూట పరిశీలనల మీద ఎక్కువ నమ్మకం. నేపథ్యపు రొద కంటే ఎన్ని రెట్లు ఎక్కువుంటే మూలంగా ఒప్పుకోవాలో ముందే గీత గీసుకోవాలి. గీత కిందికి దించితే దొంగ చుక్కలు చేరతాయి, పైకి జరిపితే నిజమైనవి పోతాయి. మన దేశపు జీఎంఆర్‌టీ అనే పెద్ద రేడియో టెలిస్కోపుతో 150 మెగాహెర్ట్జ్ దగ్గర చేసిన సర్వేలో ఏడు రెట్ల గీత పెట్టుకున్నారు, అయినా ఆరు లక్షల ఇరవై వేలకు పైగా మూలాలు తేలాయి. ఇంత జాగ్రత్తగా చేసిన జాబితా కంప్యూటర్ రంగులద్దిన ఏ గెలాక్సీ ఫొటో కంటే విలువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే తర్వాత వచ్చేవాళ్ళు దాని మీదే నిలబడి పని చేస్తారు.

మధ్యాహ్నం దగ్గర్లోని విదురాశ్వత్థం వెళ్ళి, 1938 కాల్పుల్లో చనిపోయినవాళ్ళ స్మారకం చూసి, అక్కడే తిని తిరుగు రైలెక్కాం.

రైల్లో మళ్ళీ లాప్‌టాప్ తెరిచి కొన్ని వరుసలకు పసుపు రంగు పెట్టి ఉంచినవి చూపించింది. తక్కువ ఫ్రీక్వెన్సీలో బాగా వెలిగి, 1400 మెగాహెర్ట్జ్ సర్వేలో అసలు కనబడనివి. నాలుగో కేంబ్రిడ్జి కేటలాగులోని 4సీ 21.53 అనే మూలం కూడా ఇలాగే వింతగా ఉండి, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గబుక్కున మసకబారుతూ, మిణుకుతూ ఉండేదట. డొనాల్డ్ బ్యాకర్, శ్రీనివాస్ కులకర్ణి బృందం వదలకుండా వెంటపడితే 1982లో అది సెకనుకు 642 సార్లు తిరిగే పల్సర్ (తిరుగుతూ రేడియో తళుకులు పంపే మృత నక్షత్రం) అని తేలింది, అలాంటి మిల్లీసెకను పల్సర్లలో దొరికిన మొదటిది అదే. తను పసుపు రంగు పెట్టినవన్నీ పల్సర్లు కావు, కొన్ని దూరపు గెలాక్సీలు కావచ్చు, కొన్ని ఉత్త దొంగ చుక్కలు కావచ్చు. వాటిలో బాగా నమ్మకం ఉన్నవాటిని ఇంకా సన్నంగా చూడటానికి జీఎంఆర్‌టీలో సమయం ఇమ్మని దరఖాస్తు రాస్తోంది, యలహంక వచ్చేదాకా దాని మీదే ఉంది.