పిన్నీసు

శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో నన్ను రాకెట్టాఫీసు ఉద్యోగి అంటారు. ఆ పుకారు పుట్టించింది మా అమ్మే. 2018లో చేరిన కొత్తలో ఎక్కడరా నీ ఆఫీసు అని అడిగితే, బెంగళూరులో పీణ్య అనే చోట, ఇస్రో కంట్రోల్ రూమ్ ఉన్నదీ ఆ పేటలోనే అన్నాను. మొదటి సగం ఎగిరిపోయి రెండో సగం ఊరంతా పాకింది. నిజానికి మా కంపెనీ బోరు మోటర్లకు కంట్రోలర్ బోర్డులు చేస్తుంది. రైతు ఫోన్లోంచి మెసేజ్ పెడితే పొలంలో మోటరు ఆన్ అవుతుంది, కరెంటులో తేడా వస్తే ఆగుతుంది. ఆ బోర్డులో నడిచే ప్రోగ్రాం రాయడం, పరీక్షించడం నా పని. ఇస్రోకీ నాకూ ఉన్న సంబంధమల్లా ట్రాఫిక్ జామ్ ఒక్కటే.

2019 సెప్టెంబరు 7, అర్ధరాత్రి దాటింది. జాలహళ్లిలో మా పీజీ హాస్టల్ హాల్లో ఎనిమిది మందిమి టీవీ ముందు కూర్చున్నాం. కన్నడం వాళ్లు, మలయాళీలు, ఇద్దరు బిహారీలు, నేను. కింద నుంచి ఓనర్ ఆంటీ కూడా వచ్చింది. చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీదికి దిగుతోంది. తెర మీద గీత వెంబడి జరుగుతున్న చుక్క ఒకచోట పక్కకు తప్పుకుంది. కాసేపటికి ఆగిపోయింది. 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు అంతా మామూలుగానే ఉందని, ఆ తర్వాత సంకేతాలు అందడం లేదని ఇస్రో ఛైర్మన్ శివన్ చెప్పారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆంటీ టీవీ కట్టేయకుండానే కిందికి వెళ్లిపోయింది.

పొద్దున ఆరింటికి అమ్మ ఫోన్. "ఏటిరా, మీ రాకెట్టు పడిపోయిందట. నీకేటీ మాట రాదు కదా?"

మాకు శనివారం సెలవు లేదు. ఆఫీసుకు వెళ్లేసరికి మా సార్ టీ తాగుతున్నారు. ఆయనది మదనపల్లి. బోర్డు డిజైన్ ఆయనది, అందులో ఆన్ కాగానే ముందు నడిచే బూట్‌లోడర్ కూడా ఆయన రాసిందే. నా మొహం చూసి, "దిగేటప్పుడు పడిపోయేవి పడిపోతాయప్పా. చక్కగా దిగినాక మొరాయించినదాని కథ తెలుసునా?" అంటూ పాత్‌ఫైండర్ సంగతి ఎత్తుకున్నారు.

1997 జులై 4న అంగారకుడి మీద దిగిన నాసా నౌక అది. కొన్ని రోజులకు దాని కంప్యూటర్ ఉన్నట్టుండి తనంతట తానే రీసెట్ అవడం మొదలైంది. సార్ ఆ గొడవను మా ఆఫీసులోకి దించి చెప్పారు. మాకు టెస్ట్ రూమ్ తాళం ఒక్కటే ఉంది.

"హెల్పర్ పిల్లోడు తాళం తీసుకొని లోపల ఊడుస్తా ఉన్నాడు అనుకో. ఎండీకి రూమ్ కావాల. వాడు ముగించి తాళం ఇస్తేగానీ కుదరదు, సరేనని బయట నిలబడినాడు. అంతలో నువ్వొచ్చి, అది పక్కన పెట్టి ఈ డబ్బాలు మొయ్యిరా అంటివి. నువ్వు వాడికంటే పెద్దోడివి, కాదనలేడు. తాళం వాడి జేబులోనే ఉండాది. ఇప్పుడు ఎండీని ఆపింది ఎవరు? వాడు కాదు, నువ్వు."

పాత్‌ఫైండర్‌లో హెల్పర్ పిల్లోడు వాతావరణం కొలతలు తీసుకునే పని. ఎండీ, లోపల డేటా రాకపోకలు చూసుకునే పని. మధ్యలో డబ్బాలు మోయించింది కమ్యూనికేషన్ పని. పెద్ద పని వేళకు పూర్తి కాలేదని కనిపెట్టగానే వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ మొత్తం కంప్యూటర్‌ని రీసెట్ చేసేది. ఆ రోజు మిగిలిన పనంతా మర్నాటికి వాయిదా. కాలిఫోర్నియాలో నాసా జేపీఎల్ కేంద్రం ఇంజినీర్లు తమ దగ్గరున్న జంట యంత్రానికి అదే జబ్బు తెప్పించి మరీ కారణం పట్టుకున్నారు. మందు ఒక్క సెట్టింగే. తాళం చేతిలో ఉన్నంతసేపూ హెల్పర్‌కు ఎండీ హోదా ఇవ్వాలి, అప్పుడు ఎవడూ వాడిచేత డబ్బాలు మోయించలేడు. ఆ సదుపాయం వాళ్లు వాడిన ఆపరేటింగ్ సిస్టమ్ వీఎక్స్‌వర్క్స్‌లో ముందునుంచీ ఉంది. ఆ ఒక్క తాళానికి ఆన్ చేయలేదు.

"అంత దూరం నుంచి ఎలా ఆన్ చేశారు సార్?"

"ప్రోగ్రాంను ఇక్కడి నుంచే మార్చేదానికి ఒక దారి పెట్టే పైకి పంపినారు. నువ్వైతే రిలీజ్‌కు ముందే పీకేస్తావు, నీట్‌గా ఉండాల అని."

ఆ చురక నాకే. అంతకు నెల ముందే మా బోర్డు మీద జె3 అని రాసి ఉన్న రెండు ఖాళీ పిన్నులు చూపించి, ఇవి దేనికి సార్, తీసేద్దాం అన్నాను. ఆయన తీయలేదు. దేనికో చెప్పలేదు కూడా. మా సార్‌తో ఉన్న చిక్కే అది. ఏదీ కాగితం మీద పెట్టరు.

2022 వేసవిలో చింతామణి వైపు నుంచి కంప్లయింట్ వచ్చింది. ఒక రైతు టమోటా తోటలో మా బోర్డు మూడు రోజులుగా పని చేయడం లేదు. ఆఫీసులో కూర్చుని ఎన్ని మెసేజ్‌లు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. పొద్దున్నే మెజెస్టిక్‌లో బస్సెక్కాను. హొసకోటె దాటేదాకా టెన్షనే. తోటకు వెళ్లి, నాలుగేళ్లలో కూడబలుక్కున్న కన్నడంలో మొదలుపెట్టగానే ఆ రైతు నవ్వాడు. "ఎందుకు సామీ కష్టపడతావు, తెలుగులోనే చెప్పు." కోలారు, చింతామణి పల్లెల్లో ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు చాలామంది. తీరా నా శ్రీకాకుళం తెలుగు విని, ఇది ఏ ఊరి భాష అని అడిగాడు.

పెట్టె తెరిచాను. ఎర్ర లైటు వెలుగుతుంది, రిలే టక్‌మంటుంది, నాలుగు సెకన్లకు లైటు ఆరిపోతుంది. మళ్లీ టక్. "మూడు దినాల్నించి ఇట్లే తల కొట్టుకుంటా ఉంది" అన్నాడు రైతు. ఆన్ అవుతూనే చచ్చిపోతోంది కాబట్టి సిమ్ దాకా ప్రాణం రావడం లేదు. అందుకే మా మెసేజ్‌లు అందలేదు. సార్‌కి ఫోన్ చేశాను.

"లాగ్ ఫైళ్లు ఎవరు తుడుస్తారప్పా?"

నోట మాట రాలేదు. మోటరు ఆగినప్పుడల్లా ఒక ఫైలు రాయమని ప్రోగ్రాం రాసింది నేను. పాతవి తుడవమని రాయనిదీ నేనే. టెస్ట్ బెంచి మీద మూడు రోజులు నడిపి బాగుందని సంతకం పెట్టాను. ఇక్కడ అది రెండు నెలలుగా నడుస్తోంది. ఆన్ అయిన ప్రతిసారీ ఆ వందల ఫైళ్ల జాబితాని మెమరీలోకి లాక్కుంటుంది, మెమరీ చాలదు, వాచ్‌డాగ్ రీసెట్ కొడుతుంది, మళ్లీ మొదటికి.

"2004లో స్పిరిట్‌కి వచ్చింది అచ్చం ఇదే రోగం" అన్నారు సార్, మండుటెండలో నేను నిలబడి ఉంటే తీరిగ్గా. ఆ రోవర్ జనవరి మొదట్లో అంగారకుడి మీద దిగింది, జనవరి 21న మొరాయించింది. దారి పొడుగునా ప్రయాణంలో పోగైన ఫైళ్లు కూడా దాని ఫ్లాష్ మెమరీలోనే ఉన్నాయి. అరవైకి పైగా సార్లు రీసెట్ అయింది. రాత్రిళ్లు నిద్రపోవాల్సిన యంత్రం మేలుకునే ఉండి బ్యాటరీ తినేసింది. చివరికి ఫ్లాష్ జోలికి పోకుండా లేవమని ఇక్కడి నుంచి ఆదేశం పంపి, లేచాక ఆ ఫైళ్లు తుడిచారు. తొంభై రోజులకని పంపింది 2010 మార్చి దాకా మాట్లాడింది.

"మనకు ఆదేశం పోదు కదా సార్?"

"జె3 ఉండాది కదప్పా. ఆ రెండూ కలిపి ఆన్ చెయ్. ఫైళ్ల మొహం చూడకుండా లేస్తుంది."

దాదాపు మూడేళ్లకు తెలిసింది అవి దేనికో. పిన్నులు కలిపే చిన్న ముక్క, జంపర్, నా బ్యాగులో లేదు. తీగముక్క కోసం వెతుకుతుంటే, టమోటాలు బుట్టకెత్తుతున్న రైతు భార్య వచ్చి చూసింది. ఎడమ చేతి గాజులకు తగిలించుకున్న పిన్నీసుల గుత్తిలోంచి ఒకటి తీసి ఇచ్చింది. "మళ్లా ఇచ్చేయల్ల సామీ, చీరకు కావల్ల" అంది.

మెయిన్ ఆఫ్ చేయించి, పిన్నీసు తెరిచి రెండు పిన్నుల మధ్య ఇరికించి, చేయి తీసేసి, వేయమన్నాను. ఎర్ర లైటు వెలిగింది. టక్. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు. ఆరు. ఆరలేదు. లాప్‌టాప్ తగిలించి చూస్తే పదకొండు వందల పైచిలుకు ఫైళ్లు. తుడిచేశాను. బోరు దగ్గర పైపు రెండుసార్లు గాలి కక్కి నీళ్లు పోసింది. పిన్నీసు కొంచెం వంగింది, నోటితో సరిచేసి ఇచ్చేశాను. బస్సులో తిరిగొస్తూ ఇంకా ఎన్ని ఊళ్లలో మా బోర్డులు ఉన్నాయో లెక్కపెట్టుకున్నాను. పాత ఫైళ్లు తుడిచే కోడ్ ఆ రాత్రే రాసి, పొద్దున్నకల్లా ఇంకా బతికున్న బోర్డులన్నిటికీ పంపాను.

2023 జులైలో విక్రమ్ ఎందుకు పడిందో ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ విడమరిచి చెప్పారు. అయిదు ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ జోరు చూపించాయి, తప్పులు పోగుపడ్డాయి. వాటిని సరిదిద్దుకోవడానికి త్వరగా తిరగాల్సి వస్తే, అంత వేగంగా తిరగకూడదని సాఫ్ట్‌వేర్లోనే హద్దు ఉంది. దిగడానికి ఇచ్చిన చోటు చూస్తే 500 మీటర్లకు 500 మీటర్లు. ఈసారి చంద్రయాన్-3కి 4 కిలోమీటర్లకు 2.4 కిలోమీటర్ల చోటు ఇచ్చారు, ఏమేం పాడవుతాయో ముందే అనుకుని డిజైన్ చేశామన్నారు. పేపర్లో అది చదివి సార్ ఏమీ అనలేదు. జె3 పక్కన ఇప్పుడు జె4 కూడా పెట్టారు. అది దేనికో ఇంకా చెప్పలేదు.

ఆగస్టు 23 సాయంత్రం 6:04కి ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. ఆఫీసులో ఈలలు, ఎండీ మైసూర్‌పాక్ తెప్పించాడు. పది నిమిషాలకు అమ్మ ఫోన్. వెనకాల మా వీధి వీధంతా ఉన్నట్టు గోల.

"దిగిపోయిందటరా! నీ పేరు టీవీలో రాలేదేటి?"

అయిదేళ్ల తర్వాత ఆ రోజు నిజం చెప్పేద్దామనిపించింది. "అమ్మా, నేను అందులో లేను. మాది వేరే కంపెనీ. మేం చేసేది మోటర్లకి బోర్డులు."

కాసేపు ఆలోచించింది.

"మరి మోటరు లేకండానే దిగిందేటిరా అది?" అంది.